ఇల్లు కట్టి చూడు... కాగితం పట్టి చూడు!

స్థలం కొన్నాం. ప్లాను గీయించాం. స్లాబు వేశాం. పాలు పొంగించాం. ఇక ఇల్లు మనదే అనుకుంటాం. కానీ... మొదటి ఇటుక పెట్టకముందే మొదలై, గృహప్రవేశం అయ్యాక కూడా మిగిలి ఉండే పని ఒకటుంది. అదే అనుమతుల పని. అందులో ఏ ఒక్క కాగితం వరస తప్పినా, ఆఖరి కాగితం అందకపోయినా... కట్టిన ఇల్లే కష్టం తెచ్చిపెడుతుంది.

ఆరోజు మాస్టారింటికి బ్యాంకు తరఫున ఓ ఇంజినీరు వచ్చాడు. చేతిలో టేపు, చంకలో ఫైలు.

హైదరాబాద్ శివార్లలోని మా కాలనీలో మాస్టారంటే తెలియనివాళ్లు లేరు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. వాయిదాల మీద ఎప్పుడో కొనుక్కున్న 300 గజాల స్థలంలో 2021లో ఇల్లు కట్టారు. కింద పార్కింగు, పైన రెండంతస్తులు. వాళ్లబ్బాయికి విదేశంలో సీటొచ్చింది. చదువు రుణానికి ఇంటిని పూచీకత్తుగా పెడదామనుకున్నారు. ఆ పని మీదే ఇంజినీరు వచ్చాడు. పైరెండు అంతస్తులూ కొలిచి కిందికి దిగాడు. పార్కింగు దగ్గర ఆగిపోయాడు.

‘‘మాస్టారూ, ప్లానులో ఇక్కడ కారు బొమ్మ ఉందండీ. మరి ఈ గది..?’’

‘‘ట్యూషన్ గది బాబూ. మాకు కారు లేదుగా. సాయంత్రం పిల్లలు వచ్చి కూర్చుంటారని రెండు గోడలు కట్టించాను.’’

‘‘ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నారా అండీ?’’

‘‘ప్లాను పాసైంది కదా బాబూ... ఇంకా ఏం సర్టిఫికెట్?’’

ఇంజినీరు ఫైలు మూసేశాడు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారికి, తన ఇంటి లెక్కలో ఒక మెట్టు తప్పిందని అప్పటిగ్గానీ తెలియలేదు.

ఇది మాస్టారొక్కరి కథ కాదు. ‘ప్లాను పాస్ చేయించాం’ అన్న ఒక్కమాటతో అంతా అయిపోయిందనుకునే కుటుంబాలు మన ఊళ్లలో వీధికి నాలుగుంటాయి. నిజానికి ప్లాను పాసవడమన్నది ప్రయాణంలో ఓ మజిలీ మాత్రమే. దానికి ముందు కొన్ని కాగితాలు, తర్వాత కొన్ని కాగితాలు. అవన్నీ రైలుపెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. ముందు పెట్టె కదలందే వెనక పెట్టె కదలదు. మధ్యలో ఒకటి ఊడితే దాని వెనకున్నవన్నీ అక్కడే ఆగిపోతాయి.

ముందు నేల మాట్లాడాలి

అనుమతుల కథ మున్సిపల్ ఆఫీసులో మొదలవుతుందనుకుంటాం. కాదు, అది మన బీరువాలో మొదలవుతుంది. రిజిస్టర్డు దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు, ఆ స్థలం మీద అప్పులూ తాకట్లూ లేవని చెప్పే ఈసీ... ఈ మూడూ సరిగ్గా ఉంటేనే తర్వాతి అడుగు. దస్తావేజులో 300 గజాలని ఉండి, నేలమీద కొలిస్తే 285 గజాలే వస్తే? ప్లాను 285 గజాలకే గీయాలి. కాగితం మీద ఉన్న గజాలకు గోడ కట్టలేం కదా!

ఆ తర్వాత నేల స్వభావం. అది వ్యవసాయ భూమిగా నమోదై ఉందా, ఇళ్ల స్థలంగా మారిందా? అనుమతి పొందిన లేఅవుటులోని ప్లాటా, కాదా? మాస్టర్‌ప్లానులో ఆ ప్రాంతం నివాసాలకు కేటాయించినదా, పరిశ్రమలకా, పచ్చదనానికా? ఎదురుగా ఉన్న రోడ్డు ఇప్పుడెంత వెడల్పుంది, రేపు ఎంత వెడల్పు చేయబోతున్నారు? రోడ్డు విస్తరణలో పోయే భాగం ముందే తేలితే ప్లాను దాన్ని వదిలేసి గీస్తారు. తేలకపోతే ఇంటి ముందు వరండాకే ముప్పు.

హైదరాబాద్ లాంటి చెరువుల ఊరిలో మరో ప్రశ్న కూడా ఉంది. దగ్గర్లో చెరువుందా? ఎండాకాలంలో క్రికెట్ ఆడుకునే మైదానంలా కనిపించేది, వానాకాలంలో నిండితే ఎక్కడిదాకా వస్తుందన్నదే అసలు హద్దు. దాన్నే ఎఫ్‌టీఎల్... అంటే పూర్తిస్థాయి నీటిమట్టం అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో 168వ నంబరు జీవోగా వచ్చిన భవన నిబంధనలు ఈ హద్దు దగ్గరే ఆగలేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలన్నాయి. అదే బఫర్ జోన్. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో హైడ్రాను ఏర్పాటుచేశాక జరిగిన కూల్చివేతలతో ఈ రెండు మాటలూ ఇంటింటి మాటలయ్యాయి. అంతకుముందు స్థలం కొనేటప్పుడు ఎఫ్‌టీఎల్ గురించి అడిగినవాళ్లెందరు?

చారిత్రక కట్టడాల పక్కన మరో గీత ఉంటుంది. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్న గోల్కొండ కోట, చార్మినార్, వరంగల్ కోటలాంటి వాటి రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకూ కొత్త నిర్మాణాలపై నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010లో సవరించిన చట్టం గీసిన గీత ఇది. అక్కడ మున్సిపల్ ఆఫీసుకన్నా ముందు ఆ తలుపు తట్టాలి.

గాలికీ వెలుగుకీ ఓ వాటా

నేల సంగతి తేలాకే ప్లాను. ఇక్కడే ఇంటి యజమానికీ నిబంధనకీ మొదటి పేచీ. ‘నా స్థలంలో నేను కట్టుకుంటుంటే నాలుగువైపులా వదలమనడమేంటి?’ అన్నది యజమాని ప్రశ్న. లక్షలు పోసి కొన్న గజాలు. అంగుళం వదలాలన్నా ప్రాణం ఉసూరుమంటుంది.

కానీ ఆ వదిలిన జాగా ఊరికే పోదు. మనమూ, పక్కింటివాళ్లూ చెరికాస్త వదిలితేనే ఇద్దరి కిటికీలకూ గాలీ వెలుగూ. వాన నీరు ఇంకడానికి అక్కడే గుంత తవ్వాలి. నిప్పంటుకుంటే మనిషి బయటపడేదీ, నీళ్లగొట్టం లోపలికి వచ్చేదీ ఆ సందులోంచే. అందుకే స్థలం పెద్దదయ్యేకొద్దీ, ఇల్లు ఎత్తు పెరిగేకొద్దీ వదలాల్సిన జాగా పెరుగుతుంది. 2012 నిబంధనలు 18 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న వాటిని ఎత్తైన భవనాలుగా లెక్కగట్టాయి. 21 మీటర్ల వరకూ ఉండే అలాంటి భవనం చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ ఉండాలన్నాయి. అగ్నిమాపక శకటం చుట్టూ తిరగడానికి చోటుండాలిగా మరి!

మాస్టారి ట్యూషన్ గది లాంటి గదుల గురించీ ఇక్కడే చెప్పుకోవాలి. పార్కింగుకని చూపించిన చోటును పార్కింగుకే వాడాలన్న నిబంధన కార్ల కోసం మాత్రమే పుట్టింది కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఓ భవనం కింది భాగంలో ఉన్న విద్యుత్తు స్కూటర్ల షోరూమ్‌లో మంటలు రేగాయి. పొగ మెట్లదారిలో పైకెగసి, పైనున్న లాడ్జిని కమ్మేసింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో ఇరుకైన దారి ఉన్న పాత భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. ప్లాను మీద ఓ గీత ఎందుకుందో ఇలాంటి విషాదాలు గుర్తుచేస్తాయి.

ఫైలు నుంచి ఫోనుకి

ఒకప్పుడు ప్లాను పాస్ చేయించడమంటే ఓ యజ్ఞం. అట్టపెట్టెలో చుట్టిన నీలం ప్రింట్లు పట్టుకుని టేబుల్ నుంచి టేబుల్‌కి తిరగాలి. ఒక సంతకమైతే రెండోది కాదు. రెండోది అయ్యేసరికి మొదటాయన బదిలీ. ‘చెయ్యి తడిపితేగానీ ఫైలు కదలదు’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

ఆన్‌లైన్ వచ్చాక ఈ తిరుగుడు చాలావరకూ తగ్గింది. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. అది ఇళ్లను మూడు రకాలుగా విడదీసింది. 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు పైకి కట్టుకునే చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు. రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు. అక్కడి నుంచి 600 గజాల వరకూ, పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే ఏకగవాక్ష విధానంలో 21 రోజుల్లో తేల్చాలి. గడువులోగా ఔననీ కాదనీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2025లో అక్కడే ‘బిల్డ్‌నౌ’ పేరుతో కొత్త ఆన్‌లైన్ విధానం వచ్చింది. గీసిన ప్లాను నిబంధనల్లో ఒదిగిందో లేదో కంప్యూటరే పరిశీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అనుమతులు ఆన్‌లైన్ అయ్యాయి. స్వీయ ధ్రువీకరణ అక్కడా వచ్చింది.

బాగానే ఉంది. అయితే ఈ సౌకర్యం వెనక ఓ మెలిక ఉంది. ‘స్వీయ ధ్రువీకరణ’ అంటే... నా కాగితాలు నిజం, నా కొలతలు నిజం, నేను ప్లాను ప్రకారమే కడతాను అని మనం రాసిచ్చే హామీ. పాతరోజుల్లో అధికారి తప్పు పట్టుకుంటే ప్లాను తిప్పి పంపేవాడు. మనం దిద్దుకునేవాళ్లం. ఇప్పుడు అనుమతి ముందే చేతికొస్తుంది, తనిఖీ తర్వాత ఉంటుంది. తప్పుడు సమాచారమని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చేసే అధికారాన్ని బీపాస్ చట్టం అధికారులకిచ్చింది. వేగం మనకిచ్చారు. దాంతోపాటే బాధ్యతనీ మన నెత్తిన పెట్టారు. ఇది తెలియకే చాలామంది లైసెన్సున్న ఇంజినీరు చేతికి కాగితాలిచ్చేసి, ఫోనులో వచ్చిన ఓటీపీ చెప్పేసి, తామేం ఒప్పుకున్నారో చదవకుండానే ఇల్లు మొదలుపెట్టేస్తుంటారు.

ఒకే భవనం... పది కళ్లు

సొంతిల్లయితే ఒక ఇంజినీరు, ఒక ఆఫీసుతో సరిపోవచ్చు. అదే పది, పదిహేను అంతస్తుల అపార్టుమెంటైతే? పెద్ద ఆర్కిటెక్టు సంస్థల్లో, నిర్మాణ కంపెనీల్లో ఇందుకోసమే ఓ మనిషి ఉంటాడు. బొమ్మ గీసేది అతను కాదు, ఇటుక పేర్చేదీ అతను కాదు. ఏ అనుమతి ఎక్కడ ఆగింది, దేని తర్వాత ఏది, ఏది ఎప్పుడు గడువు తీరుతుంది... ఇవే అతని రోజంతా. పెళ్లింట్లో వంటవాళ్లూ, బాజావాళ్లూ, పురోహితుడూ ఎవరి పని వాళ్లు చేస్తుంటే, ముహూర్తానికి అందరూ పీటల దగ్గర ఉండేలా చూసే పెదనాన్నలాంటివాడన్నమాట. పెళ్లి ఫొటోలో ఆయన ఉండడు. ఆయన లేకపోతే పెళ్లి ఉండదు!

అతను సంబాళించాల్సిన శాఖలేంటో చూడండి.

విమానాశ్రయం: చుట్టుపక్కల ఎత్తైన భవనం కట్టాలంటే విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం కావాలి. హకీంపేట, దుండిగల్ లాంటి వైమానిక స్థావరాల దగ్గరైతే రక్షణశాఖ వైపు నుంచి రావాలి.

అగ్నిమాపక శాఖ: మొదట ప్లాను చూసి తాత్కాలిక పత్రం, కట్టాక పరికరాలన్నీ పరీక్షించి తుది పత్రం.

పర్యావరణ అనుమతి: 2006 సెప్టెంబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నిర్మాణ విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులకు చేరితే ఇది తప్పనిసరి. దానితోపాటే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి.

ఇవి కాక నీళ్లూ మురుగునీటి సంగతి జలమండలితో, కరెంటు లోడు సంగతి విద్యుత్తు సంస్థతో, చెరువు పక్కనైతే నీటిపారుదల శాఖతో తేల్చుకోవాలి. ఇవన్నీ ఓ కొలిక్కి వచ్చాకే మున్సిపల్ అనుమతి. ఆ తర్వాతే రెరా.

ఇన్ని ఆఫీసులు తిరగడమే కష్టమనుకుంటే పొరపాటు. అసలు కష్టం, అన్ని ఆఫీసులకూ ఒకే భవనాన్ని చూపించడం!

అదెలాగంటే... అగ్నిమాపక శాఖ ఎత్తును నేల నుంచి కొలుస్తుంది. విమానాశ్రయాలవాళ్లు సముద్రమట్టం నుంచి కొలుస్తారు. వాళ్లకు భవనం ఎన్ని అంతస్తులన్నది కాదు, దాని కొన ఆకాశంలో ఎక్కడుందన్నది లెక్క. హైదరాబాద్ నేల సమతలం కాదు. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తులో ఉంటే, శంషాబాద్ విమానాశ్రయం సుమారు 617 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకే ఊళ్లో, ఒకే ఎత్తున్న రెండు భవనాల్లో ఒకటి గుట్టమీద, ఒకటి పల్లంలో ఉంటే, ఒకదానికి అనుమతి వచ్చి రెండోదానికి రాకపోవచ్చు.

ఓ ఉదాహరణ చూద్దాం. ఓ స్థలం సముద్రమట్టానికి 560 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. విమానాశ్రయం వాళ్లు 600 మీటర్లకు మించొద్దన్నారు. అంటే కట్టుకోవడానికి మిగిలింది 40 మీటర్లు. అందులోనే పైన నీళ్లట్యాంకూ, లిఫ్టు గదీ, పిడుగు తగలకుండా పెట్టే ఊచా అన్నీ ఇమడాలి. ఆర్కిటెక్టు ట్యాంకును లెక్కలో వేసుకోకుండా 42 మీటర్లకు గీశాడు. ఓ అంతస్తు తగ్గించక తప్పలేదు. అంతస్తు తగ్గితే ఫ్లాట్లు తగ్గాయి. పార్కింగు లెక్క మారింది. నిర్మాణ విస్తీర్ణం మారింది కాబట్టి పర్యావరణ దరఖాస్తు మారాలి. మెట్లూ గొట్టాలూ మారాయి కాబట్టి ఫైరు డ్రాయింగు మారాలి. పునాది బరువు లెక్కా మళ్లీ వేయాలి. అప్పటికే పాత ప్లాను మూడు ఆఫీసుల్లో ఇచ్చేసి ఉంటే..? ఒక్కో ఆఫీసులో ఒక్కో భవనం ఉన్నట్టు! మున్సిపల్ ఆఫీసులో పది అంతస్తులు, ఫైరు ఆఫీసులో పదకొండు. కట్టడం పూర్తయ్యాక తనిఖీకి వచ్చినవాళ్లు ఏ కాగితంతో పోల్చాలి?

అందుకే ఈ పనిలో తలపండినవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది. ప్లానును మార్చేసే అనుమతులు ముందు, మార్చని అనుమతులు తర్వాత. నేల వివాదం, చెరువు హద్దు, రోడ్డు విస్తరణ, విమానాశ్రయం ఎత్తు... ఈ నాలుగూ భవనం ఆకారాన్నే మార్చగలవు. అవి తేలేదాకా మిగతా ఆఫీసులకు డ్రాయింగు పంపరు. తేలాక మాత్రం ఒకటి వచ్చేదాకా మరొకటి ఆపకుండా, అన్నిటికీ ఒకేరోజు తేదీ ఉన్న ఒకే ప్లాను పంపుతారు. ఎక్కడైనా ఓ గీత మారితే, ఆ మార్పు అన్ని ఆఫీసులకూ వెళ్లిందో లేదో రాసుకుంటారు. చూడ్డానికి చిన్నపనే. కానీ అక్కడ పట్టు తప్పితే నెలలు గడిచిపోతాయి. ఆ నెలల వడ్డీ చివరికి ఫ్లాటు ధరలోకే... అంటే కొనేవాళ్ల మీదికే వస్తుంది.

కొనేవాళ్లకు ఓ కంచె

అపార్టుమెంటు కొనే కుటుంబాలకు ఈ వరస తెలిస్తే పెద్ద మేలు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగానీ కట్టే ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బయానా తీసుకోకూడదు. కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుల కోసమే విడిగా బ్యాంకు ఖాతాలో ఉంచాలి.

మరి ‘ప్రీలాంచ్ ఆఫర్... సగం ధరకే ఫ్లాటు’ అంటే ఏంటి? ఇప్పుడు మీకు తెలిసిన వరసలో పెట్టి చూడండి. రెరా రాలేదంటే తరచూ మున్సిపల్ అనుమతీ రాలేదనే. అది రాలేదంటే ఎత్తు తేలిందో లేదో, చెరువు హద్దు తేలిందో లేదో తెలియదు. మీరు కొనే ఎనిమిదో అంతస్తు అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదన్నమాట. సగం ధర ఎందుకో అర్థమైంది కదా!

ప్లాను దాటి కట్టకుండా చూడటానికి నిబంధనల్లో మరో పగ్గం ఉంది... తనఖా. అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ విస్తీర్ణంలో పదిశాతం భాగాన్ని స్థానిక సంస్థ పేరిట తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే దాన్ని విడుదల చేస్తారు. మీరు కొంటున్న ఫ్లాటు ఆ పదిశాతంలో ఉందేమో బయానా ఇచ్చేముందే అడగాలి. ఈసీ తీయిస్తే తెలిసిపోతుంది.

అందరూ మరిచిపోయే కాగితం

ఇక ఆఖరి మజిలీ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. వాడుకలో ‘ఓసీ’. ‘ప్లానులో చూపించినట్టే కట్టారు, ఇందులో మనుషులు నివసించవచ్చు’ అని స్థానిక సంస్థ చెప్పే మాట ఇది. ప్లాను అనుమతి మనం ఇచ్చిన మాటకైతే, ఓసీ ఆ మాట నిలబెట్టుకున్నందుకు. పరీక్ష రాయడానికి హాల్‌టికెట్ ఎలాగో ప్లాను అలాంటిది. ఓసీ మార్కుల జాబితా. హాల్‌టికెట్ చూపించి ఉద్యోగం అడిగితే ఎవరిస్తారు?

అయినా సరే ఇళ్లు కట్టుకునేవాళ్లలో చాలామంది అక్కడిదాకా వెళ్లరు. ఎందుకంటే అప్పటికే పాలు పొంగాయి, చుట్టాలు వచ్చి వెళ్లారు, సామాను సర్దేశారు. పైగా మనసులో ఓ మూల భయం. తనిఖీకి వస్తే ఆ బాల్కనీ అడుగు ముందుకొచ్చిందంటారేమో, ఈ గది ఎందుకంటారేమో అని. దాంతో కాగితం అక్కడే ఆగిపోతుంది.

దాని వెల మెల్లగా తెలుస్తుంది. ఓసీ లేని భవనానికి నీళ్లూ కరెంటూ లాంటి కనెక్షన్లు ఇవ్వకూడదు, లేదా ఓసీ తెచ్చేదాకా మూడింతల ఛార్జీ వసూలు చేయవచ్చు అన్నాయి 2012 నిబంధనలు. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఈ సర్టిఫికెట్ చూశాకే కనెక్షన్లివ్వాలి, బ్యాంకులు కూడా దాన్ని పరిశీలించాకే భవనాన్ని పూచీగా తీసుకుని రుణమివ్వాలి, అనుమతి పొందిన ప్లాను నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలి అని ఆదేశించింది. ఇంతకాలం ‘ఉంటే మంచిది’ అనుకున్న కాగితం ‘లేకపోతే కుదరదు’ అయింది.

‘ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరణ రాకపోతుందా’ అనుకునేవాళ్లూ లేకపోలేదు. నిజమే, అలాంటి పథకాలు వచ్చాయి. 2007 డిసెంబరు చివర్లో బీపీఎస్, తెలంగాణలో 2015లో బీఆర్‌ఎస్. కానీ 2015 నాటి దరఖాస్తులు కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుని ఏళ్లతరబడి అలాగే ఉండిపోయాయి. డబ్బు కట్టారు, కాగితం రాలేదు. రేపు వస్తుందో రాదో తెలియని మాఫీని నమ్ముకుని ఈరోజు గోడ కట్టడం... వర్షాన్ని నమ్ముకుని కుండలో నీళ్లు పారబోసుకోవడమే.

మరి తెలిసో తెలియకో చిన్న తేడా జరిగిపోతే దారే లేదా? ఉంది. ముందువైపు తప్ప మిగతా వైపుల వదలాల్సిన జాగాలో పదిశాతం లోపు తేడా ఉంటే, రుసుము కట్టించుకుని సర్దుబాటు చేసే వీలుంది. కట్టేటప్పుడే ఆలోచన మారితే సవరించిన ప్లానుకు దరఖాస్తు చేసుకోవచ్చు. గోడ లేవకముందు గీత మార్చుకోవడానికి రుసుమైతే చాలు. లేచాక మార్చుకోవాలంటే సుత్తి కావాలి.

వరసలో పెట్టుకుందాం!

ఇల్లు కడుతున్నవాళ్లు...
* దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసుకుని, స్థలాన్ని ఒకసారి కొలిపించాలి.
* లేఅవుటు అనుమతి, భూమి మార్పిడి, మాస్టర్‌ప్లాను, రోడ్డు విస్తరణ, చెరువు హద్దు... ఈ అయిదూ తేలాకే ప్లాను గీయించాలి.
* మట్టి పరీక్ష చేయించి, దాన్ని బట్టే పునాది లెక్క వేయించాలి.
* ఆన్‌లైన్‌లో మీ పేరిట ఇచ్చే హామీని మీరే చదవాలి. మీ దరఖాస్తు నంబరు, పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి.
* పాసైన ప్లాను నకలు మేస్త్రీకి ఇవ్వాలి. నోటిమాటతో గోడ జరపనివ్వొద్దు.
* అనుమతికి గడువుంటుంది. చిన్న భవనాలకు మూడేళ్లు, ఎత్తైన వాటికి అయిదేళ్లు అన్నాయి 2012 నిబంధనలు. తేదీ రాసిపెట్టుకోవాలి.
* గృహప్రవేశం ముహూర్తానికి ముందే ఓసీకి దరఖాస్తు చేయాలి.

ఫ్లాటు కొంటున్నవాళ్లు...
* రెరా నంబరు అడిగి, వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు ప్లాను తెరిచి చూడాలి.
* మీ అంతస్తు, మీ ఫ్లాటు పాసైన ప్లానులో ఉన్నాయా? తనఖా భాగంలో ఉందా?
* ఫైరు తుది పత్రం, ఓసీ వచ్చాకే ఇల్లు స్వాధీనం చేసుకోవడం మేలు.

నిబంధనలు జీవోల ద్వారా మారుతుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నిబంధనల్లోనూ తేడాలున్నాయి. మొదలుపెట్టేముందు మీ స్థానిక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో తాజా లెక్క అడిగి తెలుసుకోవాలి.

రెండు గోడల దూరం

ఇంతకీ మాస్టారేం చేశారంటారా? బ్యాంకు ఇంజినీరు వెళ్లాక రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ప్లాను గీసిన ఇంజినీరును పిలిపించారు. మిగతా ఇల్లంతా కొలిస్తే ప్లాను ప్రకారమే ఉంది. తేడా ఆ గదిదే. కూలీలను పిలిచి, ట్యూషన్ పిల్లల పుస్తకాల అల్మరాను పైకి ఎక్కించి, రెండు గోడలూ తీయించేశారు. కట్టడానికి పదిరోజులు పట్టిన గోడలు, ఒక్క పూటలో పోయాయి. ఆ తర్వాత ఓసీకి దరఖాస్తు, తనిఖీ, సర్టిఫికెట్. ఆపైన రుణం.

కానీ ఈలోపు కాలం ఆగలేదు. ఆగస్టులో విమానమెక్కాల్సిన అబ్బాయి జనవరిలో ఎక్కాడు. అయిదు నెలల ఆలస్యానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, మార్కులు తక్కువవడమూ కాదు. మూడేళ్ల కిందట అడగాల్సిన ఒక్క కాగితం అడగకపోవడం.

ఇప్పుడు సాయంత్రమైతే మాస్టారింటి పై హాల్లో ట్యూషన్ నడుస్తోంది. చెప్పులన్నీ మెట్లమీదే. కింద పార్కింగు ఖాళీగా, శుభ్రంగా ఉంది. మాస్టారికి ఇప్పటికీ కారు లేదు. ఓసీ మాత్రం బీరువాలో, దస్తావేజు పక్కనే ఉంది. కాలనీలో ఎవరు ముగ్గు పోసి శంకుస్థాపన చేసినా ఆయన అక్కడికి వెళ్తారు. అక్షింతలు వేసి, ఇంటాయన చెవిలో ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు.

‘‘ప్లాను సరే బాబూ... ఓసీ సంగతి ఆలోచించావా?’’